కాలేజీ వెబ్‌సైటులో పీడీఎఫ్‌లు: తెరుచుకోని లింకులు, మారని టైమ్‌టేబుళ్లు

డిగ్రీ కాలేజీలో కంప్యూటర్స్ చెప్పేవాళ్లకి వెబ్‌సైటు బాధ్యత చెప్పకుండానే వచ్చి పడుతుంది. ఆఫీసు నుంచి వాట్సాప్‌లో ఒక ఫైలు, కింద “సార్, ఇది కొంచెం సైట్‌లో పెట్టండి” అని ఒక ముక్క. పెట్టడం రెండు నిమిషాల పని. ఆ తర్వాత నెలరోజులపాటు వచ్చే ఫోన్లే అసలు పని. ఇక్కడ రాసినవన్నీ ఆ ఫోన్లలో వినపడిన ఫిర్యాదులే. మా సైటు వర్డ్‌ప్రెస్ (సైట్లు నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్) మీద నడుస్తుంది కాబట్టి మెనూల పేర్లు దానివే చెబుతున్నాను. జబ్బులు మాత్రం ఏ సైటుకైనా ఇవే.

“సార్, కొత్త టైమ్‌టేబుల్ పెట్టామన్నారు, నొక్కితే పాతదే వస్తోంది”

అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చే ఫిర్యాదు ఇదే. ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. కారణాలు మూడు. ఏది కారణమో ముందు తేల్చుకోవాలి, లేకపోతే అదే ఫైలును నాలుగుసార్లు ఎక్కించి కూర్చుంటాం.

ముందు ఆ లింకును బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో విండోలో తెరవండి. అక్కడ కొత్తది కనిపిస్తే తప్పు సైటుది కాదు. మీ బ్రౌజర్ పాత కాపీని దాచుకుని అదే చూపిస్తోంది, ఆ దాచుకున్న కాపీలను, అంటే కాష్‌ను, తుడిస్తే సరిపోతుంది. ఇన్‌కాగ్నిటోలోనూ పాతదే వస్తే, లింకు చివర ప్రశ్నార్థకం పెట్టి ఏదో ఒక అక్షరం, సమానం గుర్తు, ఒక అంకె చేర్చి మళ్లీ తెరవండి. ఇప్పుడు కొత్తది వచ్చిందా? అయితే మధ్యలో ఉన్న సీడీఎన్ (సైటు ఫైళ్ల కాపీలు దాచుకుని త్వరగా అందించే సర్వర్లు) పాత కాపీ పంచుతోంది. క్లౌడ్‌ఫ్లేర్ అనే సీడీఎన్ వాడేవాళ్లకి ఇది తరచూ ఎదురవుతుంది. అది మామూలుగా వెబ్ పేజీలను దాచుకోదు గానీ పీడీఎఫ్, వర్డ్, ఎక్సెల్ ఫైళ్లను ఎక్స్‌టెన్షన్ (పేరు చివర చుక్క తర్వాతి ముక్క) చూసి దాచుకుంటుంది. అందుకే పేజీలో తేదీ మారినట్టు కనిపిస్తుంది, ఫైలు మాత్రం మారదు. కాషింగ్ మెనూలో కస్టమ్ పర్జ్‌కి వెళ్లి ఆ ఒక్క చిరునామా ఇచ్చి తుడిచేయండి.

అలా చేసినా పాతదే వస్తే సర్వర్ మీద ఆ చిరునామాలో ఉన్నదే పాత ఫైలు. మీడియా లైబ్రరీ (ఎక్కించిన ఫైళ్లన్నీ కనిపించే చోటు) తెరిచి చూస్తే దొరికిపోతుంది. అదే పేరుతో, అదే నెలలో మళ్లీ ఎక్కిస్తే వర్డ్‌ప్రెస్ పాతదాన్ని చెరపదు. కొత్తదాని పేరు చివర గీత పెట్టి 1 తగిలించి పక్కన పెడుతుంది. నెల మారాక ఎక్కిస్తే అదే పేరుతో వేరే ఫోల్డర్‌లోకి వెళ్తుంది, ఎందుకంటే అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఏడాదికొకటి, అందులో నెలకొకటి ఫోల్డర్లు ఉంటాయి. పేజీలోని లింకుకి ఈ సంగతేమీ తెలియదు, పాతదాన్నే పట్టుకుని ఉంటుంది. మీడియా లైబ్రరీలో టైటిల్ మార్చినా ఫలితం లేదు. టైటిల్ వేరు, ఫైలు పేరు వేరు.

పరిష్కారానికి ‘ఎనేబుల్ మీడియా రీప్లేస్’ అనే ప్లగిన్ (వర్డ్‌ప్రెస్‌కి తగిలించే అదనపు సాఫ్ట్‌వేర్) ఉంది. ఫైలు చిరునామా అలాగే ఉంచి లోపలి సరుకు మారుస్తుంది. టైమ్‌టేబుల్, సిబ్బంది జాబితా, ఫీజుల పట్టిక వంటి వాటికి ఇదే సరైన పద్ధతి. సర్క్యులర్లకు మాత్రం వాడకండి. జులైలో ఇచ్చిన సర్క్యులర్‌ను ఆగస్టులో సవరిస్తే రెండూ ఉండాలి. సవరణది విడిగా పెట్టి, పాతదాని పక్కన ‘సవరించబడింది’ అని రాయాలి. ఏది మార్చేది, ఏది దాచేది అని ముందే విడగొట్టుకోకపోతే తర్వాత ఎవరో ఒకరు “మీరు అప్పుడు వేరేలా రాశారు” అంటారు, చూపించడానికి మన దగ్గర కాగితం ఉండదు.

ఇంకొక మాట. క్లాసు గ్రూపుల్లో ఫైలు లింకు పంచకండి, ఆ ఫైలు ఉన్న పేజీ లింకు పంచండి. ఒకసారి మా గ్రూపుల్లో ఒకే పరీక్ష టైమ్‌టేబుల్‌కి మూడు లింకులు తిరిగాయి: ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’, ‘ఫైనల్ కరెక్టెడ్’. మూడూ తెరుచుకునేవి. అదే వచ్చిన చిక్కు. పేజీ లింకు అయితే ఎప్పుడు నొక్కినా ఆ రోజు పేజీలో ఉన్నదే కనిపిస్తుంది.

“లింకు నొక్కితే 404 అంటోంది”

404 అంటే ఆ చిరునామాలో ఏమీ దొరకలేదని. మీ కంప్యూటర్‌లో తెరుచుకుని సర్వర్ మీద తెరుచుకోకపోతే ముందు పెద్దక్షరాలు, చిన్నక్షరాలు చూడండి. విండోస్‌కి రెండూ ఒకటే. హోస్టింగ్ సర్వర్లు దాదాపు లినక్స్ మీద నడుస్తాయి, వాటికి రెండూ వేర్వేరు ఫైళ్లు. కొన్ని స్కానర్లు ఎక్స్‌టెన్షన్‌ను పెద్దక్షరాల్లో పెడతాయి, మనం లింకులో చిన్నక్షరాల్లో టైప్ చేస్తాం, అక్కడ తెగుతుంది. లింకును చేత్తో టైప్ చేసే అలవాటు మానేసి, మీడియా లైబ్రరీలో ‘కాపీ యూఆర్‌ఎల్’ నొక్కి అతికించండి.

రెండో కారణం తెలుగులో ఫైలు పేర్లు. నాకూ తెలుగంటే ఇష్టమే, కానీ ఫైలు పేరులో వద్దనే అంటాను. యూనికోడ్‌లో (అన్ని భాషలకూ కలిపి ఉన్న ఒకే అక్షర సంకేతాల పద్ధతి) ఒక్కో తెలుగు సంకేతం సర్వర్ మీద మూడు బైట్లు. లింకులోకి వచ్చేసరికి ఒక్కో బైటూ శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలవుతుంది. ‘లక్ష్మి’ అన్న పేరు చూడండి. ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి, మొత్తం ఏడు సంకేతాలు. అంటే 21 బైట్లు, లింకులో 63 అక్షరాలు. చూడటానికి రెండక్షరాల పేరు! లినక్స్‌లో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు, అంటే 85 తెలుగు సంకేతాలు. ‘మూడవ సెమిస్టర్ విద్యార్థులకు ముఖ్య గమనిక’ వంటి పేరుకే అందులో సగం దాకా పోతుంది, తేదీ, విభాగం తగిలిస్తే ఇంకా దగ్గరవుతుంది. ఆ లింకును వాట్సాప్‌లో వేస్తే శాతం గుర్తులు బారులు తీరతాయి, చదివేవాడు వైరస్ అనుకుని నొక్కడు.

కాబట్టి ఫైలు పేరు ఇంగ్లీషు చిన్నక్షరాల్లో, ఖాళీల బదులు గీతలతో పెట్టి, పేజీలో కనిపించే లింకు మాట మాత్రం నిండు తెలుగులో రాయండి. ‘ఇక్కడ నొక్కండి’ అని పదిహేను చోట్ల రాసే బదులు ‘మూడో సెమిస్టర్ పరీక్షల టైమ్‌టేబుల్ (పీడీఎఫ్, 340 కేబీ)’ అని రాస్తే, డేటా చూసుకుని వాడే పిల్లలకి నొక్కకముందే సంగతి తెలుస్తుంది.

మూడో కారణం, సైటు మారడం. కొత్త సైటు కట్టించినప్పుడు పాత ఫోల్డర్లు మారిపోతాయి. నాక్ (కాలేజీల నాణ్యతను మదింపు చేసే సంస్థ) కోసం రిపోర్టులో ఇచ్చిన లింకులన్నీ ఒక్కరోజులో చచ్చిపోతాయి. అన్ని అంశాలకీ ఆధారాల లింకులు ఇచ్చి, వాటిని నాక్ సరిచూసే రోజుల్లో సైటు మార్చడమంటే సముద్రం మధ్యలో పడవ మార్చడమే. అప్‌లోడ్స్ ఫోల్డర్‌ను ఉన్నదున్నట్టు అదే దారిలో కొత్త సర్వర్‌కి తరలించమని పని చేసేవాళ్లకి ముందే రాసి ఇవ్వండి. ఇప్పటికే జరిగిపోతే ‘రీడైరెక్షన్’ ప్లగిన్‌లో పాత చిరునామా నుంచి కొత్తదానికి 301 (శాశ్వత దారిమళ్లింపు) పెట్టాలి. అదే ప్లగిన్ ఏయే లింకులు 404 ఇస్తున్నాయో జాబితా కూడా చూపిస్తుంది.

“నొక్కుతున్నా ఏమీ జరగట్లేదు”

404 రాదు, తెరుచుకోదు, ఏమీ ఉండదు. సైటు హెచ్‌టీటీపీఎస్‌కి (భద్రమైన చిరునామాకి) మారిందిగానీ పాత పేజీల్లో లింకులు ‘ఎస్’ లేకుండా మిగిలాయన్నమాట. భద్రమైన పేజీ నుంచి భద్రం కాని డౌన్‌లోడ్‌ను క్రోమ్ ఆపేస్తుంది. బ్యాకప్ తీసుకుని, ‘బెటర్ సెర్చ్ రీప్లేస్’తో పాత చిరునామాలన్నీ ఒకేసారి మార్చేయండి. ముందు ‘డ్రై రన్’ టిక్ పెట్టి ఎన్ని మారతాయో చూసుకోండి.

“ఫైలు ఎక్కట్లేదు”

తెర మీద ఏం వచ్చిందో చదవండి. చాలామంది అది చదవకుండానే ఫోన్ చేస్తారు. ‘ఈ రకం ఫైలుకు అనుమతి లేదు’ అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం అయితే మీరు ఎక్కించేది వర్డ్‌ప్రెస్ ఒప్పుకోని రకం. పేజ్‌మేకర్ (డీటీపీ సాఫ్ట్‌వేర్) ఫైలు అలాంటిదే. దాన్ని పీడీఎఫ్ చేసి పెట్టండి. దారి తెరవడానికి భద్రత తగ్గించే ప్లగిన్లు వేయకండి.

‘అప్‌లోడ్ మాక్స్ ఫైల్‌సైజ్’ అన్న మాట కనిపిస్తే అది పీహెచ్‌పీ (వర్డ్‌ప్రెస్ రాసిన భాష) పరిమితి. హోస్టింగ్ వాళ్లు మార్చకపోతే అది 2 ఎంబీ మాత్రమే ఉంటుంది. సీప్యానెల్‌లో (హోస్టింగ్ సెట్టింగులు మార్చుకునే చోటు) పీహెచ్‌పీ ఐఎన్‌ఐ ఎడిటర్‌లో పెంచవచ్చు. దాంతోపాటు ‘పోస్ట్ మాక్స్ సైజ్’ కూడా అంతకంటే ఎక్కువగా పెంచాలి. 413 (ఫైలు మరీ పెద్దదని అర్థం) అని వస్తే అడ్డం ఇంకా ముందే ఉంది. అది వెబ్ సర్వర్ పెట్టిన పరిమితి, ఎన్‌జినెక్స్ అనే వెబ్ సర్వర్‌లో మొదట ఉండేది 1 ఎంబీ. షేర్డ్ హోస్టింగ్ (ఒకే సర్వర్‌ను చాలా సైట్లు పంచుకునేది) అయితే వాళ్లకి టికెట్ పెట్టాల్సిందే.

అసలు పెంచాలా అన్నది వేరే ప్రశ్న. నాలుగు పేజీల సర్క్యులర్ 18 ఎంబీ ఎందుకుంది? ఎందుకంటే టైప్ చేసిన ఉత్తరాన్ని ప్రింట్ తీసి, సంతకం చేయించి, రంగుల్లో 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) స్కాన్ చేశారు. ఆ లెక్కన ఒక ఎ4 పేజీ 2480 అడ్డం, 3508 నిలువు చుక్కలు, కుదించకముందు 26 ఎంబీ. అదే 150 డీపీఐలో, గ్రేలో తీస్తే సుమారు 2.2 ఎంబీ, పన్నెండో వంతు. కుదింపు రెండిటికీ పడుతుంది గానీ తేడా అలాగే మిగులుతుంది. సంతకం, సీలు చదవగలిగేలా ఉండాలంటే 200 డీపీఐ గ్రే చాలు. ఇప్పటికే బరువైన ఫైలు చేతికొస్తే గోస్ట్‌స్క్రిప్ట్ అనే సాఫ్ట్‌వేర్‌లో ‘ఈబుక్’ సెట్టింగ్ చిత్రాలను 150 డీపీఐకి దించుతుంది. సంతకం అక్కర్లేని కాగితమైతే స్కానర్ ముఖమే చూడకండి, వర్డ్ నుంచి నేరుగా పీడీఎఫ్ తీసుకోండి.

“సైటులో వెతికితే దొరకట్లేదు, కాపీ చేస్తే పిచ్చిరాతలు వస్తున్నాయి”

ఇది మన తెలుగువాళ్లకే ప్రత్యేకమైన తలనొప్పి. డీటీపీ సెంటర్‌లో అను అనే, యూనికోడ్ కాని పాత ఫాంట్లతో చేయించిన పీడీఎఫ్ కంటికి చక్కని తెలుగే. లోపల ఉన్నది మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల సంకేతాలు. వాటికి ఫాంటు తెలుగు ముసుగు వేస్తుంది. గూగుల్‌కి ముసుగు కనిపించదు, చూపులేని విద్యార్థి స్క్రీన్ రీడర్‌కీ కనిపించదు. స్కాన్ చేసినదైతే అసలు అక్షరాలే ఉండవు, అది బొమ్మ.

పరీక్షించడం తేలిక. పీడీఎఫ్‌లో ఒక వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. తెలుగే వస్తే మంచిది. రాకపోతే మాతృకను యూనికోడ్‌లోకి మార్పించి మళ్లీ పీడీఎఫ్ చేయాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విడుదల చేయించిన మండలి, రామభద్ర, గిడుగు వంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి కాబట్టి ‘అక్షరం అందంగా ఉండదు’ అన్న సాకు చెల్లదు. యూనికోడ్‌లో టైప్ చేసినా కొన్నిసార్లు పీడీఎఫ్‌లో ఒత్తులు తారుమారవుతాయి. అప్పుడు ప్రింట్ దారిన కాకుండా ‘సేవ్ యాజ్’ దారిన పీడీఎఫ్ తీసి చూడండి, లేదంటే లిబ్రెఆఫీస్ నుంచి ఎక్స్‌పోర్ట్ చేయండి. పాత స్కాన్లకు టెసరాక్ట్ అనే ఉచిత ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్) తెలుగు చదువుతుంది. తప్పులుంటాయి గానీ వెతుకులాటకు పనికొస్తుంది. ఇవేవీ కుదరకపోతే కనీసం పేజీలో ఫైలు కింద రెండు వాక్యాల సారాంశం తెలుగులో టైప్ చేయండి. నేను ఎక్కువగా చేసేది ఇదే, ఎందుకంటే అన్నిటికంటే తొందరగా అయ్యేది ఇదే.

“రిక్వెస్ట్ యాక్సెస్ అని అడుగుతోంది”

అది గూగుల్ డ్రైవ్ లింకు. షేర్ దగ్గర ‘ఎనీవన్ విత్ ద లింక్’, ‘వ్యూయర్’ పెట్టండి. అసలు ప్రమాదం అది కాదు, ఆ ఫైలు ఒక లెక్చరర్ సొంత ఖాతాలో ఉండటం. ఆయన బదిలీ అయి, ఖాళీ కోసం డ్రైవ్ తుడుచుకున్న రోజు మన పేజీలో లింకులు పోతాయి. కాలేజీ పేరున ఉన్న ఒక్క ఖాతాలోనే పెట్టండి. ఫైలు మార్చాల్సి వస్తే ‘మేనేజ్ వెర్షన్స్’లో ఎక్కిస్తే లింకు మారదు.

“జాబితా అంతా గజిబిజి”

1, 10, 11, 2 అన్న వరుసలో వస్తే సున్నా తగిలించండి: 01, 02. తేదీని ఏడాది, నెల, రోజు వరుసలో రాస్తే (2025-07-15) పేరు వరుసే తేదీ వరుస అవుతుంది. వర్డ్‌ప్రెస్ మీడియా లైబ్రరీలో ఫోల్డర్లు సొంతంగా ఉండవు. ‘ఫైల్‌బర్డ్’ లాంటి ప్లగిన్లు ఇచ్చే ఫోల్డర్లు మన చూపు కోసమే, ఫైలు చిరునామా కదలదు, అది మంచిదే. పేజీలో మాత్రం విభాగాలవారీగా విడగొట్టకండి. విద్యార్థి ‘అకడమిక్ సెల్’ కోసం రాడు, ‘హాల్ టికెట్’ కోసం వస్తాడు.

“మా అమ్మాయి ఫోన్ నంబర్ గూగుల్‌లో కనిపిస్తోంది”

ఈ ఫోన్ వచ్చిన రోజు మిగతా పనులన్నీ ఆపండి. స్కాలర్‌షిప్ జాబితాలో ఆధార్, ఫోన్ నంబర్లు ఉన్నాయని చూడకుండా ఎవరో ఎక్కించారు. పేజీని ప్రైవేట్ చేస్తే చాలదు, ఫైలు చిరునామా తెలిసినవాడికి అది తెరుచుకుంటూనే ఉంటుంది. వర్డ్‌లో నల్లడబ్బా గీసి కప్పినదీ చాలదు. ఆ డబ్బా కింద అక్షరాలు పీడీఎఫ్‌లో కాపీ అవుతాయి. ఆ నిలువు వరుసను ఎక్సెల్‌లోనే తీసేసి కొత్తగా పీడీఎఫ్ చేయాలి.

పాతదాన్ని మీడియా లైబ్రరీ నుంచే డిలీట్ చేయండి, ఫైల్ మేనేజర్ నుంచి కాదు. వర్డ్‌ప్రెస్ 4.7 నుంచి, సర్వర్‌లో సదుపాయం ఉంటే, పీడీఎఫ్ మొదటి పేజీని వేర్వేరు సైజుల్లో బొమ్మలుగా తీసి పక్కన దాస్తుంది. ఫైల్ మేనేజర్‌లో పీడీఎఫ్ ఒక్కటే చెరిపితే, మొదటి ముప్పై మంది పేర్లు, నంబర్లతో ఆ బొమ్మలు అక్కడే ఉండిపోతాయి. తర్వాత క్లౌడ్‌ఫ్లేర్ కాష్ తుడవండి. గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో (సైటు యజమానులకు గూగుల్ ఇచ్చే పరికరం) ‘రిమూవల్స్’కి వెళ్లి పీడీఎఫ్‌దీ బొమ్మలవీ చిరునామాలన్నీ ఇవ్వండి. అది ఫలితాల్లోంచి సుమారు ఆరు నెలలే దాస్తుంది. ఈలోగా గూగుల్ మళ్లీ వచ్చి చూసినప్పుడు ఆ చోట్లన్నిటా 404 కనిపించాలి.