చదువుకుంటూ సంపాదిస్తే ఫెడరల్ సహాయం ఎంత తగ్గుతుంది?

అమెరికాలో స్థిరపడిన మన కుటుంబాల్లో, కాలేజీలో ఉన్న అబ్బాయో అమ్మాయో పార్ట్‌టైమ్ ఉద్యోగం చేస్తామనగానే ఆర్థిక సహాయం పోతుందేమోనని తల్లిదండ్రులు వద్దంటారు. ఆ భయం చాలావరకు అనవసరం. అయితే లెక్క తెలియకపోతే కొంత నష్టపోయే మాటా నిజమే. (ఎఫ్-1, హెచ్-4 వీసాలపై ఉన్నవారికి ఫెడరల్ సహాయమే వర్తించదు కనుక ఈ లెక్క పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఉపయోగపడుతుంది.)

ముందుగా, ఫెడరల్ సహాయం కోసం ఏటా పెట్టే ఫాఫ్సా దరఖాస్తు ఏ సంవత్సరపు ఆదాయాన్ని చూస్తుందో తెలుసుకోండి. 2025-26 విద్యా సంవత్సరానికి చూసింది 2023 ఆదాయాన్ని. తల్లిదండ్రులపై ఆధారపడిన విద్యార్థి సంపాదనలోంచి ఆ ఏటి దరఖాస్తులో 11,510 డాలర్లను, కట్టిన ఫెడరల్ ఆదాయపు పన్నును, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోతలను మినహాయించి, మిగిలినదానిలో సగాన్ని స్టూడెంట్ ఎయిడ్ ఇండెక్స్‌కు కలుపుతారు. ఆ అంకె పెరిగినకొద్దీ అవసరాన్ని బట్టి ఇచ్చే సహాయం తగ్గుతుంది.

2023లో 15,000 డాలర్లు జీతంగా సంపాదించిన విద్యార్థిని తీసుకోండి. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద సుమారు 1,148, ఆదాయపు పన్ను కింద 115, రక్షిత మొత్తం 11,510 తీసివేస్తే 2,227 మిగులుతుంది. అందులో సగం, అంటే దాదాపు 1,114 డాలర్లు మాత్రమే ఇండెక్స్‌కు చేరుతుంది. పదిహేను వేలు చేతికి వచ్చే ఉద్యోగాన్ని ఇందుకోసం వదులుకోవడం నా దృష్టిలో సరైన నిర్ణయం కాదు.

ఫెడరల్ వర్క్‌స్టడీ (ఆర్థిక సహాయంలో భాగంగా కాలేజీ ద్వారా దొరికే పార్ట్‌టైమ్ పని) కింద వచ్చిన జీతాన్ని ఈ లెక్కలోంచి పూర్తిగా తీసివేస్తారు కాబట్టి, కాలేజీ ఆ అవకాశం ఇస్తే మొదట దానినే అంగీకరించండి.

కాలం కూడా ముఖ్యమే. 2024 ఆగస్టులో చేరి నాలుగేళ్లలో డిగ్రీ ముగించే విద్యార్థి చివరి దరఖాస్తు 2027-28కి చెందుతుంది, అది 2025 ఆదాయాన్ని చూస్తుంది. అందువల్ల 2026 జనవరి నుంచి, అంటే రెండో ఏడాది రెండో సెమిస్టర్ నుంచి వచ్చే జీతం ఆ డిగ్రీకి సంబంధించిన ఏ ఫాఫ్సాలోనూ ఆదాయంగా లెక్కకు రాదు.

జీతం లెక్కకు రాకపోయినా, దాచిన డబ్బు వస్తుంది. సాధారణంగా దరఖాస్తు నాటికి విద్యార్థి పేరిట ఉన్న నిల్వలో 20 శాతాన్ని ఇండెక్స్‌కు కలుపుతారు, తల్లిదండ్రుల ఆస్తిపై అది గరిష్ఠంగా 5.64 శాతం. కాబట్టి ఫీజుకూ పుస్తకాలకూ ముందుగా విద్యార్థి ఖాతాలోని డబ్బునే ఖర్చు చేయండి.

ఒకవేళ పాత ఉద్యోగం ఇప్పుడు లేకపోతే, జీతపు చీటీలను, ఉద్యోగం ముగిసినట్లు చూపే లేఖను జతచేసి, ఆదాయాన్ని పునఃపరిశీలించమని కాలేజీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకు రాతపూర్వకంగా విన్నవించండి.