మొండికేసిన పాత వాల్‌పేపర్‌ని గోడ పాడవకుండా తీయడం ఎలా

పాత వాల్‌పేపర్ తీద్దామని చాలామంది డైరెక్ట్‌గా బ్లేడ్ పట్టుకుని గీకడం మొదలుపెడతారు, దాంతో పేపర్ గోరంత గోరంత ముక్కలుగా వస్తుంది, గోడకి గుంటలు పడతాయి, సాయంత్రానికి చేతులు పడిపోతాయి. దయచేసి అలా చేయకండి. పేపర్‌ని పట్టి ఉంచేది వెనకున్న గమ్, అది మామూలుగా పిండితోనో సెల్యులోజ్‌తోనో చేసింది, ఎన్నేళ్ళు ఎండినా నీళ్ళు తగిలితే మళ్ళీ మెత్తబడుతుంది. కాబట్టి నీళ్ళు ఆ గమ్ దాకా చేరాలి, చేరాక అది నానేదాకా మనం ఆగాలి. పనంతా ఇంతే.

ముందు గోడ ఏంటో చూసుకోండి. తడితే డొల్లగా మోగితే జిప్సం బోర్డు అయ్యుండొచ్చు, గట్టిగా ఉంటే సిమెంట్ ప్లాస్టర్. ఇది ఎందుకంటే జిప్సం బోర్డుకి పైన కూడా కాగితం పొరే ఉంటుంది, ఎక్కువ తడిపినా గట్టిగా గీకినా అదీ ఊడొచ్చేస్తుంది. ప్లాస్టర్ గోడైతే కాస్త ధైర్యంగా తడపొచ్చు.

తడిపే పని కాబట్టి ఆ రూమ్‌కి కరెంట్ మెయిన్ దగ్గరే ఆపేయండి, స్విచ్ ఆఫ్ చేశాం కదా అని వదిలేయొద్దు, స్విచ్‌బోర్డులకి ప్లాస్టిక్ కవర్ పెట్టి టేప్ వేయండి. కింద ప్లాస్టిక్ షీట్, దాని మీద పాత దుప్పటి పరవండి, ఉత్త ప్లాస్టిక్ మీద తడి గమ్ పడితే జారి పడతారు.

ఇప్పుడు ఒక మూల పైకి లేపి పొడిగానే మెల్లగా లాగి చూడండి. వినైల్ రకమైతే, అంటే పైన ప్లాస్టిక్ పొర ఉండేదైతే, ఆ పైపొర షీట్‌లా వచ్చేసి వెనక తెల్లటి కాగితం మిగులుతుంది, దాన్ని తడిపితే ఈజీగా వస్తుంది. స్టిక్కర్ టైప్ అయితే నీళ్ళు వద్దు, హెయిర్ డ్రైయర్‌తో వెచ్చచేస్తూ లాగండి. లాగేటప్పుడు మీవైపు కాకుండా గోడకి దాదాపు ఆనించినట్టు కిందకి లాగితే చిరగదు.

పైపొర రాకపోతే, లేదా దాని మీద ఎవరో పెయింట్ వేసేసి ఉంటే, అసలు తలనొప్పి అదే, నీళ్ళు లోపలికి పోవు. అప్పుడు స్కోరింగ్ టూల్‌తో, అంటే చిన్న పళ్ళ చక్రాలుండే దాంతో, తేలిగ్గా గుండ్రంగా తిప్పుతూ పేపర్‌కి చిల్లులు పెట్టాలి, గట్టిగా నొక్కితే గోడకీ చిల్లులే. ఇల్లు బాగా పాతదైతే ఆ పెయింట్‌లో సీసం ఉండొచ్చు, టెస్ట్ చేయించకుండా పొడిగా రుద్ది దుమ్ము లేపొద్దు.

బకెట్‌లో చెయ్యి ఓర్చుకునేంత వేడినీళ్ళు తీసుకుని కొంచెం గిన్నెలు తోమే లిక్విడ్ కలపండి, దాంతో నీళ్ళు బొట్లుగా జారకుండా లోపలికి ఇంకుతాయి. కొందరు నాలుగు వంతుల నీళ్ళకి ఒక వంతు వెనిగర్ కలుపుతారు, అదీ ఓకే, కానీ నా లెక్కలో ఎక్కువ పని చేసేది వేడి, టైమే. పైనుంచి కిందకి స్పాంజ్‌తోనో స్ప్రేతోనో తడపండి, ఒకేసారి గోడంతా కాదు, మీ చేతులు అందేంత భాగం చాలు, లేకపోతే మీరు వెళ్ళేలోపు ఆరిపోతుంది. 15 నిమిషాలు ఆగండి, మధ్యలో ఇంకోసారి తడపండి. గోరుతో గీరితే పేపర్ మెత్తగా ముడతపడి కదలాలి, కదల్లేదంటే ఇంకా నానాలి, బలం పెట్టి లాభం లేదు. నానాక వెడల్పు పుట్టీ బ్లేడ్‌ని గోడకి బాగా వాల్చి పట్టుకుని తోయండి, బ్లేడ్ మూలలు ముందే కాస్త గుండ్రంగా అరగదీసుకుంటే గీతలు పడవు.

అయినా రాకపోతే స్టీమర్, అంటే గొట్టం చివరున్న ప్లేట్‌లోంచి వేడి ఆవిరి వదిలే మిషన్. ఆ ప్లేట్‌ని ఒకచోట అర నిమిషం దాకా ఆనించి పక్కకి జరుపుతూ వెంటనే గీకేయాలి, జిప్సం బోర్డు మీద అంతకంటే తక్కువే. వేడి నీళ్ళు చేతి మీదకి కారతాయి, గ్లౌజులు, పొడుగు చేతుల చొక్కా ఉండాల్సిందే.

పేపర్ వెనక నల్లగా బూజు కనిపిస్తే ఆ గోడకి చెమ్మ ఎక్కడినుంచి వస్తుందో ముందు అది సరిచేయండి, ఆ తర్వాతే మిగతావి.

పేపర్ అంతా వచ్చేశాక చాలామంది పని అయిపోయింది అనుకుంటారు, నాకు బాధేసేది ఇక్కడే, ఎందుకంటే మిగిలిపోయిన గమ్ మీద పెయింట్ వేస్తే కొన్నాళ్ళకి పగుళ్ళిచ్చి పెచ్చులు లేస్తుంది. గోరువెచ్చని నీళ్ళతో, నీళ్ళు మారుస్తూ, స్పాంజ్‌తో కడగండి. తడి చేత్తో తడిమితే జిగటగా జారుతుంటే గమ్ ఇంకా ఉన్నట్టే. నీళ్ళలో కొంచెం టింక్చర్ అయోడిన్ కలిపి ఒక మూల స్ప్రే చేసినా తెలుస్తుంది, నీలం రంగుకి తిరిగితే పిండి గమ్ ఉంది, కానీ సెల్యులోజ్ గమ్‌ని ఇది పట్టుకోదు, అందుకని చేత్తో చూడటం మానొద్దు.

తర్వాత కనీసం ఒక రోజు పూర్తిగా ఆరనివ్వండి. జిప్సం బోర్డు మీద కాగితం చిరిగి గోధుమరంగు కనిపిస్తున్న చోట్ల డైరెక్ట్‌గా పుట్టీ పెట్టొద్దు, అందులో తడికి బుడగలు లేస్తాయి, ముందు ఆయిల్ బేస్డ్ ప్రైమర్‌తో సీల్ చేసి అది ఆరాక పుట్టీ, ఆ పైన 120 లేదా 150 నంబర్ సాండ్ పేపర్, గోడంతా ఇంకో కోటు ప్రైమర్, అప్పుడు మీకిష్టమైన రంగు.