పరుగు ఆపగానే గాబరా పడుతుంటే

పొద్దున పరుగు ముగించి ఆగగానే గుండె దడదడమని, చేతులు వణికి, ఏదో అయిపోతుందన్న భయం పట్టుకుంటుంది కొందరికి. పరుగుకూ భయానికీ ఒంట్లో ఊరేది అదే అడ్రినలిన్ అనే హార్మోన్. దడ, చెమట, ఆయాసం రెండింటికీ ఒకటే కాబట్టి మనసు పొరబడుతుంది.

ముందు ఒక మాట. ఛాతీలో బిగుతు, దవడకో చేతికో పాకే నొప్పి, స్పృహ తప్పడం, నాడి లయ తప్పడం ఉంటే గాబరా అని సరిపెట్టుకోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. అవేవీ లేకున్నా గాబరా మళ్లీమళ్లీ వస్తుంటే కర్నూలు, కడప, అనంతపురం ఎక్కడున్నా పెద్దాసుపత్రిలో ఈసీజీ, హిమోగ్లోబిన్, థైరాయిడ్ ఒకసారి చూపించుకోండి.

ఎక్కువమంది చేసే తప్పు, టక్కున ఆగి కూలబడడం. కాళ్లు కదిలినంతసేపూ పిక్కల కండరాలు రక్తాన్ని పైకి తోస్తుంటాయి. ఆగితే రక్తం కాళ్లలోనే నిలిచి బీపీ పడిపోతుంది, కళ్లు తిరుగుతాయి, గుండె ఇంకా వేగంగా కొట్టుకుంటుంది. అందుకే చివర 5 నుంచి 10 నిమిషాలు మెల్లగా నడవాలి. గుత్తి కోట ఎక్కినా అంతే, పైకి చేరగానే చతికిలబడకండి.

గాబరా మొదలైతే నడుస్తూనే ముక్కుతో 4 అంకెలు లెక్కపెట్టేంతసేపు గాలి పీల్చి, 6 అంకెలు లెక్కపెడుతూ వదలండి. గబగబా పెద్ద ఊపిరులు తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి పెదాల చుట్టూ, వేళ్ల కొసల్లో తిమ్మిరి వస్తుంది. ఆ తిమ్మిరికే భయం రెట్టింపవుతుంది. నాడి 30 సెకన్లు లెక్కించి రెండింతలు చేయండి. 5 నిమిషాలకు మరోసారి చూడండి, అంతే. మాటిమాటికీ పట్టి చూడడమే భయానికి మేత.

పరగడుపున చిక్కటి కాఫీ తాగి పరుగుకు పోవద్దు. అరగంట ముందు ఒక అరటిపండో రెండు గుప్పిళ్ల బొరుగులో తిని గ్లాసు నీళ్లు తాగండి. ఎండాకాలంలో ఏడు గంటల లోపే ముగించండి. ఇన్సులిన్ వేసుకునేవారు షుగర్ చూసుకున్నాకే బయల్దేరాలి.

డాక్టరు గుండె బాగుందన్నాక, భయానికి మందు ఆ దడే. కావాలనే దాన్ని తెచ్చుకుని అలవాటు పడాలి. ఇంట్లో మెట్టు ఎక్కుతూ దిగుతూ 1 నిమిషం. తర్వాత మెల్లగా అటూ ఇటూ నడుస్తూ, ఫోన్ పట్టుకోకుండా, దడ దానంతటదే దిగేదాకా గమనించండి. రోజుకు 3 సార్లు, 2 వారాలు. అప్పటికీ భయం వదలకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు లేదు.