అణు ప్రాజెక్టుకు ప్రజాభిప్రాయ సేకరణ: ఆలస్యం ఎక్కడ పుడుతుంది, ఎలా తగ్గించాలి

సభను గంటలో ముగిస్తే పని తొందరగా అవుతుందనుకుంటారు. అసలు జాప్యమంతా సభకు ముందే పుడుతుంది.

2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం అణు విద్యుత్తే కాదు, అణు ఇంధన శుద్ధి కూడా ‘ఎ’ కేటగిరీయే. అణు ఇంధనం తయారుచేసే ఎన్‌ఎఫ్‌సీ పక్కనే ఉంది కాబట్టి హైదరాబాద్‌లో మౌలాలి వైపు ఉండేవాళ్లకు ఈ సంగతి దగ్గరిదే. అనుమతి కేంద్ర పర్యావరణ శాఖది, సభ జరిపేది రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి. మన దగ్గరైతే సనత్‌నగర్ ఆఫీసు. రియాక్టర్ భద్రత చూసేది ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి), దాని లైసెన్సు దారి వేరు. ఈ తేడా నివేదిక సారాంశం మొదటి పేజీలోనే రాయండి, లేదంటే సభంతా దానికే సరిపోతుంది.

తేదీ దగ్గర జాగ్రత్త. ఒక జాతీయ, ఒక ప్రాంతీయ దినపత్రికలో కనీసం 30 రోజుల ముందు ప్రకటన రావాలి. వాయిదా వేస్తే కొత్త తేదీకి మళ్లీ అదే పద్ధతిలో ప్రకటన ఇవ్వాలి, అంటే ఇంకో నెల పోయినట్టే. అందుకే పండగలు, ఎన్నికల కోడ్, నాట్ల రోజులు ముందే కలెక్టరేట్‌లో అడిగి చూసుకోండి. బోనాల ఆదివారం పెట్టి, జనం రాలేదని వాపోతే ఎవరు వింటారు?

ఎక్కువ శ్రమ పెట్టాల్సింది ఈఐఏ నివేదిక తెలుగు సారాంశం మీదే. ‘మోతాదు పరిమితికి లోబడి ఉంటుంది’ అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. ఇలా రాయండి: ‘ప్రకృతి నుంచి మనిషికి ఏడాదికి ప్రపంచ సగటున సుమారు 2.4 మిల్లీసీవర్టుల (రేడియేషన్ మోతాదు కొలత) రేడియేషన్ అందుతుంది. దానికి అదనంగా, ప్లాంట్ల వల్ల ప్రజలకు అందగలిగే గరిష్ఠ పరిమితి ఏడాదికి 1 మిల్లీసీవర్టు. మా అంచనా ఇంత, ఫలానా ఊరి దగ్గర లెక్కగట్టాం.’ నీళ్లు ఎక్కడివి, ఎంత వాడతారు, వ్యర్థం ఎటు పోతుంది అన్నవీ అంతే సూటిగా ఉండాలి. ముసాయిదా నివేదిక ఇంగ్లీషులో, సారాంశం తెలుగులో కలెక్టరేట్, జిల్లా పరిషత్, పంచాయతీల్లో నిజంగా చేరిందో లేదో వెళ్లి చూడండి. బీరువాలో ఉన్న కాపీ చేరినట్టు కాదు.

సభకు కోరం (కనీసం ఇంతమంది రావాలన్న నియమం) లేదు. కలెక్టర్ గానీ, అదనపు కలెక్టర్ హోదాకు తగ్గని ప్రతినిధి గానీ అధ్యక్షత వహిస్తారు. వీడియో తప్పనిసరి. మైకు దగ్గర ఒకరు ప్రతి ప్రశ్నకూ ఊరు, అంశం, ఎవరు జవాబివ్వాలి అని రాస్తూ ఉండాలి. పరిహారం ప్రశ్నలు రెవెన్యూకి, భద్రతవి ప్లాంటు ఇంజనీరుకి అక్కడికక్కడే పంపితే వాదన పెరగదు. చివర కార్యక్రమ సారాంశాన్ని తెలుగులో చదివి, అదే రోజు సంతకం చేయించాలి. ఇక్కడ తొందరపడితే ‘మా మాట రాయలేదు’ అన్న ఫిర్యాదు వస్తుంది.

కార్యక్రమ నివేదిక 8 రోజుల్లో కేంద్రానికి వెళ్లాలి. తుది ఈఐఏలో ప్రతి అభ్యంతరానికీ జవాబు, దానికయ్యే ఖర్చు, గడువు ఉండాలి. ‘పరిశీలిస్తాం’ అని సరిపెడితే నిపుణుల కమిటీ మళ్లీ వివరణ అడిగే అవకాశం ఎక్కువ.