చిన్న కోళ్లకు ఊపిరి జబ్బులు – 4వ పాఠం: 0.06 మి.లీ. అంటే ఎంత?

ఏ జబ్బుకు ఏ మందో ఈసారి చెబుతానని మాటిచ్చాను. చెబుతాను, కానీ చివర్లో. 3వ పాఠం లెక్కకు మీరు పంపిన జవాబులు చూశాక, సిరంజి సంగతి తేల్చకుండా మందుల పేర్లు మీ చేతిలో పెట్టడానికి నాకు ధైర్యం చాలలేదు.

లెక్క గుర్తుందిగా. బాంటమ్ (పొట్టి జాతి) పెట్ట 600 గ్రాములు. డాక్టరు కిలో బరువుకు 10 మిల్లీగ్రాముల చొప్పున రాశారు. సీసా మీద 10% అని ఉంది. ఎన్ని మి.లీ. పట్టాలి? ఎక్కువమంది 0.6 అన్నారు. సరైన జవాబు 0.06. అంటే పది డోసుల మందు ఒక్క పూటలో పోసేశారన్నమాట.

తప్పు దొర్లింది శాతం దగ్గర. 10% అంటే 100 మి.లీ.లో 10 గ్రాములు, కాబట్టి 1 మి.లీ.లో 100 మిల్లీగ్రాములు. మీరేమో 10 అనుకున్నారు. శాతం అంకె పక్కన ఒక సున్నా చేర్చుకోండి, సరిపోతుంది: 5% అయితే 50, 10% అయితే 100, 20% అయితే 200. మన పెట్టకు కావలసింది 6 మిల్లీగ్రాములు, దాన్ని 100తో భాగిస్తే 0.06.

కోడిని తూచడం మళ్లీ చెప్పను, అది ఎవరికైనా వచ్చు. 'సుమారు ముప్పావు కిలో' అని రాసినవాళ్లు మాత్రం లేచి త్రాసు తెచ్చుకోండి. బాంటమ్‌లు ఈకలతో మోసం చేస్తాయి. జబ్బుతో మేత మానేసిన కోడి పైకి బొద్దుగానే కనిపిస్తుంది, చేత్తో తడిమితే రొమ్ము ఎముక కత్తి అంచులా తగులుతుంది.

ఇక నాకు ఒళ్లు మండే విషయానికి వస్తాను: ఇన్సులిన్ సిరంజి. లెక్క సరిగ్గా చేసి, కొలత దగ్గర బోల్తా పడ్డవాళ్లు మీలో చాలామందే ఉన్నారు. సిరంజి సన్నగా ఉంది, గీతలు దగ్గరదగ్గరగా ఉన్నాయి, ఇంకేం కావాలి అనుకున్నారు. ఆ గీతలు మిల్లీలీటర్లు కావు, ఇన్సులిన్ యూనిట్లు. పైగా ఆ సిరంజిలు రెండు రకాలు. యు-100లో 1 మి.లీ.కి 100 యూనిట్లు, యు-40లో 1 మి.లీ.కి 40 యూనిట్లే. సాధారణంగా యు-40కి ఎర్ర మూత, యు-100కి నారింజ మూత ఉంటుంది. మూత పారేశాక రెండూ కవల పిల్లలే. మన 0.06 మి.లీ. యు-100 మీద సరిగ్గా 6వ గీత. అదే 6వ గీత దాకా యు-40లో లాగితే వచ్చేది 0.15 మి.లీ., అంటే 15 మిల్లీగ్రాములు, అసలు డోసుకు రెండున్నర రెట్లు. తిరగేసి చూడండి. యు-40 మీద 0.06కి సరిపోయేది 2.4 యూనిట్లు. ఆ అంకెను ఎవరి దగ్గరో విని యు-100లో లాగారనుకోండి, 0.024 మి.లీ. వస్తుంది. అది సగం డోసు కూడా కాదు. కోడి తేరుకోదు, మీరేమో మందు పనిచెయ్యలేదంటారు, ఇంకా ఘాటైన మందు అడుగుతారు. మరో చిక్కు, వీటిలో చాలావాటికి సూది ఊడి రాదు. సూది ఉన్న సిరంజిని కోడి నోటి దగ్గరికి తీసుకెళ్లే పని పెట్టుకోవద్దు. 1 మి.లీ. ట్యూబర్‌క్యులిన్ సిరంజి తెచ్చుకోండి. దాని గీతలు మి.లీ.లోనే, 0.01 చొప్పున ఉంటాయి, సూది ఊడుతుంది. మన ఇంట్లో ఇన్సులిన్ సిరంజి కోళ్ల పెట్టెలోకి రాదు, అంతే.

చుక్కల లెక్క చెప్పమన్నవాళ్లకు: డ్రాపర్ చుక్క సుమారు 0.05 మి.లీ. ఉంటుందంటారు గానీ, మందు చిక్కదనాన్ని బట్టి, డ్రాపర్ మూతిని బట్టి మారిపోతుంది. చుక్కలతో డోసు వద్దు.

మరి 350 గ్రాముల సెరామా అనే బుల్లి జాతి కోడికో? 3.5 మిల్లీగ్రాములు, అంటే 0.035 మి.లీ. ట్యూబర్‌క్యులిన్ సిరంజికీ అది అందదు. ఇక్కడ నా అడ్డదారి పలచన చెయ్యడం. 1 మి.లీ. మందుకు 9 మి.లీ. కాచి చల్లార్చిన నీళ్లు. ఇప్పుడు 1 మి.లీ.లో 10 మిల్లీగ్రాములే ఉంటాయి, సెరామాకు 0.35 మి.లీ., మన పెట్టకు 0.6, 850 గ్రాముల పుంజుకు 0.85. మీరు మొదట చెప్పిన 0.6 ఇక్కడైతే ఒప్పే! ఏ పూటకాపూట కలుపుకుని మిగిలింది పారబోయాలి. తెల్లగా విరిగినా, అడుగున పేరుకున్నా వాడొద్దు. అన్ని మందులూ నీళ్లతో కలవవు కాబట్టి డాక్టరును ఒక్కమాట అడగండి. కలపడం గ్లాసులోనే చెయ్యాలి. సిరంజిలో ముందు 0.06 మందు లాగి, దాని మీదే నీళ్లు లాగితే, సిరంజి మూతిలో ఉండిపోయిన మందు కూడా లోపలికొస్తుంది. ఇంత చిన్న కొలతలో అదే దాదాపు మరో డోసంత అవుతుంది.

పట్టించేటప్పుడు ఛాతీ నొక్కకండి. కోడికి మనకున్నట్టు ఉదరవితానం లేదు, రొమ్ము ఎముక ముందుకూ వెనక్కూ కదిలితేనే గాలి ఆడుతుంది. గట్టిగా పట్టుకుంటే, అసలే ఆయాసపడుతున్న కోడి మీ చేతుల్లోనే పోతుంది. నోరు తెరిచి చూస్తే నాలుక మొదట్లో చిన్న చీలిక తెరుచుకుంటూ మూసుకుంటూ కనిపిస్తుంది. అది గాలిగొట్టం. దాంట్లోకి మందు పోకూడదు. నోటి పక్క అంచున కొంచెం వదలండి, మింగనివ్వండి, మళ్లీ కొంచెం.

ఇక మందులు. తుమ్ము విన్న ప్రతిసారీ యాంటీబయాటిక్ అందుకోవద్దు. ముందు మీ తలను కోడి పడుకునే ఎత్తుకు దించి గాలి పీల్చండి. మీ కళ్లు చుర్రుమంటే అది అమోనియా, కింద పరుపు మార్చడమే వైద్యం. పరుపుకు బూజు పట్టి ఉండి, కోడి చప్పుడు లేకుండా ఎగశ్వాస పీలుస్తుంటే ఆస్పర్జిల్లస్ అనే శిలీంధ్రాన్ని అనుమానించాలి. దానికీ యాంటీబయాటిక్ పనిచెయ్యదు. ముక్కు కారకుండా, మెడ సాచి మాటిమాటికీ నోరు తెరుస్తుంటే గాలిగొట్టంలో పురుగులు ఉండొచ్చు, వాటికి ఫెన్‌బెండజోల్ లాంటి నట్టల మందు కావాలి. కోళ్లన్నీ ఒకేసారి తుమ్మి, గుడ్లు ముడతలుగా, తెల్లసొన నీళ్లలా వస్తుంటే ఇన్ఫెక్షియస్ బ్రాంకైటిస్ కావచ్చు. అది కరోనావైరస్ జాతి, దానికి మందు లేదు. వెచ్చదనం, నీళ్లు, మేత చూసుకోవడమే.

కంటి మూలలో సబ్బు నురగలాంటి బుడగలు, ముక్కు తుడుచుకున్న చోట రెక్క ఈకలు అట్టకట్టి ఉండటం, రాత్రి గురక, ఇవి మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా గుర్తులు. దీనికి ఇంట్లో మిగిలిన అమాక్సిసిలిన్ వేసేవాళ్లున్నారు. పెన్సిలిన్ జాతి మందులు బ్యాక్టీరియా గోడను కూలగొడతాయి, మైకోప్లాస్మాకు అసలు గోడే లేదు. టైలోసిన్, డాక్సీసైక్లిన్, టియాములిన్ పనిచేస్తాయి. డాక్సీసైక్లిన్ ఇచ్చేటప్పుడు గుల్లపొడి తీసేయండి, కాల్షియం మందును పట్టేసుకుంటుంది. టియాములిన్ అయితే మేత సంచి మీద మొనెన్సిన్, సాలినోమైసిన్ పేర్లున్నాయేమో చూడండి. టియాములిన్‌తో వాటిలో ఏది కలిసినా కోడి చస్తుంది. ముఖం ఉబ్బి దుర్వాసన కొడితే కొరైజా. దానికీ యాంటీబయాటిక్ ఉంది, ఏదన్నది డాక్టరు మాట. ఈ రెండింటిలోనూ తేరుకున్న కోడి జబ్బును మోస్తూనే ఉంటుంది, కొత్త కోళ్లతో కలపొద్దు.

ఉన్నట్టుండి చావులు, ఆకుపచ్చ రెట్ట, మెలితిరిగిన మెడ, నల్లబడ్డ తురాయి కనిపిస్తే సిరంజి పక్కన పెట్టండి. కొక్కెర తెగులు (రాణిఖెత్) కావచ్చు, బర్డ్ ఫ్లూ కావచ్చు. ముట్టుకోకుండా పశువైద్య శాఖకు చెప్పండి.

అభ్యాసం. మీ సిరంజితో 0.06 మి.లీ. నీళ్లు పదిసార్లు కొలిచి ఒక చిన్న మూతలో పొయ్యండి. ఆ నీళ్లన్నీ తిరిగి సిరంజిలోకి లాగితే 0.6 రావాలి. 0.55 కంటే తగ్గినా, 0.65 దాటినా మళ్లీ మొదట్నుంచి. వరసగా మూడుసార్లు సరిపోయేదాకా చెయ్యండి, చెయ్యి నొప్పి పుట్టినా సరే. తర్వాత మీ ఇంట్లోని ప్రతి కోడికీ బరువు, కిలోకు 10 చొప్పున మిల్లీగ్రాములు, 5% మందైతే ఎన్ని మి.లీ., 20% అయితే ఎన్ని అన్నది రాసి పంపండి. ఆ పట్టిక రానివాళ్లకు 5వ పాఠం ఇవ్వను. అన్నట్టు, మందు వాడుతున్నన్నాళ్లూ, ఆపాక డాక్టరు చెప్పినన్ని రోజులూ ఆ కోళ్ల గుడ్లు తినకూడదు. ఇది 3వ పాఠంలోనే రాశాను, అయినా అడుగుతున్నారు.