లంక ఊళ్లలో పేద కుటుంబాన్ని సొంత ఇంటివారిని చేయడం ఎలా

కోనసీమలోనో నరసాపురం వైపునో ఒక చిన్న సేవాసంస్థ పేద కుటుంబానికి ఇల్లు కట్టించాలనుకున్నప్పుడు ముందుగా తాపీ మేస్త్రీకి కబురు పెట్టడం పరిపాటి. మేస్త్రీ కంటే ముందు కాగితాలు చూడాలి. మా సంస్థ తొలి రోజుల్లో ఈ జాగ్రత్త తీసుకోలేదు. గోదావరి పాయల మధ్య ఉన్న ఒక లంక గ్రామంలో గోడలు లింటెల్ (తలుపుల పైన వేసే దూలం) దాకా లేచిన తరువాత ఇంటాయన పెదనాన్న కొడుకు వచ్చి, తన వాటా తేలేదాకా మరో ఇటుక పెట్టడానికి వీల్లేదన్నాడు. పెద్దల కాలంలో నోటి మాటతో జరిగిన పంపకం అది. రెండు వర్షాకాలాలు ఆ గోడలు అలాగే నానాయి. పైకి వదిలిన ఇనుప చువ్వలను చేత్తో రాస్తే తుప్పు పొరలు పొరలుగా ఊడి వచ్చేది. ఆ ఇంటి ఇల్లాలు ప్రతి సాయంత్రం వచ్చి, ఆ మొండిగోడల మధ్య మొలిచిన గడ్డి పీకి వెళ్లేది.

కాబట్టి రెండు సెంట్ల స్థలమే అయినా ఈసీ (ఆ స్థలం మీద జరిగిన లావాదేవీలు చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు పత్రం) తీయించి, సర్వే నంబరు సరిచూసి, హద్దులను ఇరుగుపొరుగు వారి ఎదుట కొలిపించాలి. స్థలం ఉమ్మడిగా ఉంటే పంపకం దస్తావేజునో, సెటిల్‌మెంట్ దస్తావేజునో రిజిస్టర్ చేయించిన తరువాతే ముగ్గు పోయాలి. ఆ ఖర్చు సంస్థ భరించినా నష్టం లేదు. ప్రభుత్వమిచ్చిన డి-పట్టా అయితే, పట్టా ఎవరి పేరున ఉందో వారే అక్కడ కాపురముంటున్నారో లేదో చూడాలి, ఎందుకంటే ఇలా ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూములు చేతులు మారకుండా 1977 నాటి చట్టం కట్టడి పెట్టింది. వీలున్న ప్రతిచోటా ఇల్లాలి పేరు దస్తావేజులో ఉండేలా చూడాలన్నది నా గట్టి అభిప్రాయం.

ఇక డబ్బు విషయం. 1976లో అమెరికాలో మొదలై, 1983లో ఖమ్మంలో మన దేశపు తొలి ఇళ్ల పని చేపట్టిన హేబిటాట్ ఫర్ హ్యుమానిటీ సంస్థ అనుసరించిన పద్ధతి ఇక్కడ ఉపయోగపడుతుంది: కుటుంబం నుంచి లాభం ఆశించకుండా అప్పు ఇవ్వడం, తిరిగి వచ్చిన వాయిదాలతో మరొకరి ఇల్లు మొదలుపెట్టడం, ఇంటివారి శ్రమను కూడా వాటాగా లెక్కించడం. అయితే కూలి కుటుంబానికి నెలనెలా ఒకే వాయిదా పెట్టడం డెల్టాలో కుదరదు. సార్వా, దాళ్వా వరి కోతలప్పుడు పెద్ద మొత్తం, ఊడ్పులు అయిపోయి కోతలు రాని రోజుల్లో నామమాత్రపు మొత్తం కట్టేలా వాయిదాలు అమర్చాలి. శ్రమ వాటా పేరుతో ఊడ్పుల రోజున తల్లిని ఇటుకలు మోయమనడం ఆమె కూలి పోగొట్టడమే అవుతుంది. గోడలు తడపడం, సామాను కాపలా వంటివి అప్పగిస్తే చాలు.

ప్రభుత్వ గృహ పథకం మంజూరైన కుటుంబానికి సంస్థ చేయగల అతి పెద్ద మేలు చేబదులు. కేంద్ర ప్రభుత్వపు గ్రామీణ ఆవాస్ యోజన మైదాన ప్రాంతంలో కనీసం 25 చదరపు మీటర్ల ఇంటికి 1,20,000 రూపాయల సాయం నిర్ణయించింది. ఈ సొమ్ము, ఇల్లు కట్టిన మేరకు ఫోటోలు నమోదయ్యాక, దశలవారీగా వస్తుంది. ఆ మధ్య కాలంలో పని ఆగకూడదని కుటుంబాలు నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెస్తాయి. సంస్థ చేబదులిచ్చి, బిల్లు పడగానే తిరిగి తీసుకుంటే ఆ వడ్డీ భారం తప్పుతుంది. ఏ పథకం వర్తిస్తుందో గ్రామ సచివాలయంలో ముందే అడిగి తెలుసుకోవాలి.

పునాది ఎత్తును ఇంజనీరు పటం మీదకంటే ముందు ఊరి పెద్దవాళ్ల దగ్గర తేల్చుకోవాలి. 1986 ఆగస్టులోనూ 2022 జూలైలోనూ వరద ఎంతవరకు వచ్చిందో వారు గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 17.75 అడుగులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ స్థాయిలో తమ వీధి ఎలా ఉంటుందో లంకవాసులకు బాగా తెలుసు. గచ్చు ఆ గుర్తుకు పైన ఉండాలి, గది ఒకటి తగ్గినా సరే. నల్లమట్టి నేల తడిసి ఉబ్బుతుంది, ఎండి నెర్రెలిస్తుంది కనుక పునాది చుట్టూ ఇసుక నింపి, ప్లింత్ బీమ్ (పునాది పైన, గోడల కింద వేసే కాంక్రీటు దూలం) తప్పక వేయాలి.

సముద్రం వైపు ఊళ్లలో బోరు నీరు ఉప్పన. ఆ నీటితో కలిపిన కాంక్రీటులో చువ్వలు త్వరగా తుప్పు పడతాయి, కాబట్టి కాలువ నీరే వాడాలి. అయితే మనవాళ్లు ఇల్లు కట్టుకునేది వేసవిలో, కాలువలకు నీరు కట్టేసేదీ అప్పుడే. అందుకని కాలువ కట్టేయకముందే శ్లాబు వేయడమో, చెరువు నీటికి అనుమతి తీసుకోవడమో చేయాలి. శ్లాబు మీద మట్టితో చిన్న చిన్న మళ్లు కట్టి, కనీసం పది రోజులు నీరు నిలపాలి.

గృహప్రవేశం అయ్యాక ఇంటి పన్నూ కరెంటు మీటరూ ఆ ఇల్లాలి పేరుకు మారేదాకా సంస్థ మనిషి వెంట తిరగాలి. దస్తావేజును లామినేషన్ చేయించకుండా, నీరు చొరని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, అటక మీద చేతికి అందే చోట ఉంచమని చెప్పాలి. వరదలో పడవ ఎక్కవలసి వస్తే ఆమె మొదట తీసుకోవలసింది ఆ సంచినే.