మోకాలి ఎంఆర్‌ఐలో ‘మెనిస్కస్ టియర్’ అని వస్తే

నెల్లూరులో నేను ఫిజియోథెరపీ చేసే గదికి చాలామంది పెద్ద కవరు చంకలో పెట్టుకుని వస్తారు. కూర్చోకముందే అడిగేస్తారు, “ఏం సామీ, ఆపరేషనేనా?” అని. రిపోర్టులో ‘టియర్’, అంటే చిరుగు, అన్న ఒక్క మాట కనిపించేసరికి రాత్రంతా నిద్ర లేకుండా వచ్చినవాళ్లు వీళ్లు. నేను ముందు మోకాలు చూస్తాను, కవరు సంగతి తర్వాత. ఆ రెండూ ఒకే మాట చెబుతున్నాయా లేదా అన్నదే అసలు ప్రశ్న.

తొడ ఎముకకూ కాలి ఎముకకూ మధ్య చంద్రవంకల్లా రెండు మెత్తలుంటాయి. అవే మెనిస్కస్‌లు. మీడియల్ అంటే లోపలి వైపుది, లేటరల్ అంటే బయటి వైపుది. ఎంఆర్‌ఐలో ఇవి నల్లగా కనిపిస్తాయి. మోకాలిని పక్క నుంచి పొరలు పొరలుగా చూపే బొమ్మల్లో, అంచు దగ్గర మెనిస్కస్ డమరుకంలా ఉంటుంది. డాక్టర్లు దాన్నే బో టై అంటారు. ఇంకాస్త లోపలికి వచ్చేసరికి డమరుకం విడిపోయి ముందొకటి, వెనకొకటి నల్లటి త్రికోణాలు మిగులుతాయి. ఆ నలుపులో తెల్లటి గీత ఉందా, ఉంటే అది పై అంచునో కింది అంచునో తాకిందా అన్నదే చూడాల్సింది.

రిపోర్టులో ‘గ్రేడ్ 2 సిగ్నల్’ అని ఉంది

ఇది చిరుగు కాదు. గీత మెనిస్కస్ లోపలే ఆగిపోయింది, ఉపరితలాన్ని తాకలేదు. వయసుతో లోపలి పదార్థం మెత్తబడితే ఇలా కనిపిస్తుంది. గ్రేడ్ 1 కూడా అంతే. దీనికి ఆపరేషన్ అక్కర్లేదు, నొప్పికి కారణం వేరేచోట వెతకాలి.

గీత ఉపరితలాన్ని తాకితే గ్రేడ్ 3, అంటే చిరుగు. అదైనా ఒకే స్లైసులో, అంటే ఒకే పొర బొమ్మలో, తాకినట్టుంటే అనుమానమే. రెండు లేదా ఎక్కువ స్లైసుల్లో తాకితేనే నమ్మకంగా చెప్పొచ్చు. లేటరల్ మెనిస్కస్ వెనక భాగం పక్కనుంచి పాప్లిటియస్ అనే కండర స్నాయువు వెళ్తుంది. ఆ సందు అచ్చం చిరుగులాగే కనిపించి మోసం చేస్తుంది. అందుకే “ఎన్ని స్లైసుల్లో తాకింది సార్?” అని రేడియాలజిస్టును అడగడానికి మొహమాటపడకండి.

దెబ్బేమీ తగల్లేదు, యాభై దాటాయి, అయినా టియర్ అట

ఇలాంటివాళ్లకు రిపోర్టులో ఎక్కువగా ‘హారిజాంటల్’ (అడ్డంగా), ‘డీజనరేటివ్’ (అరుగుదల వల్ల) అన్న మాటలుంటాయి. చాలాసార్లు ఇది అరుగుదలలో భాగమే. 2008లో అమెరికాలో 50 నుంచి 90 ఏళ్ల మధ్యనున్న 991 మందికి మోకాలి ఎంఆర్‌ఐ తీసి చూశారు. చిరుగు కనిపించినవాళ్లలో 61 శాతం మందికి అంతకుముందు నెలలో మోకాలి నొప్పే లేదు. 2013లో ఫిన్లాండ్ డాక్టర్లు ఇలాంటి చిరుగులున్న 146 మందిలో కొందరికి చిరిగిన ముక్క తీసేశారు, మిగతావాళ్లకు ఆపరేషన్ చేసినట్టు నటించి ఊరుకున్నారు. ఏడాది తర్వాత రెండు గుంపుల బాగోగుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు.

కాబట్టి ముందు నిలబడి ఎక్స్‌రే తీయించుకోండి, అరుగుదల ఎంతుందో తెలుస్తుంది. మోకాలు పట్టేయకుండా ఉంటే కనీసం మూడు నెలలు తొడ కండరాల వ్యాయామం చేయండి. మొదలుపెట్టడానికి ఒక తువ్వాలు చాలు. మంచం మీద కాలు చాపి, చుట్టిన తువ్వాలును మోకాలి కింద పెట్టి, దాన్ని మంచానికేసి నొక్కుతూ అయిదు అంకెలు లెక్కపెట్టాలి. తొడ రాయిలా బిగుసుకుంటేనే సరిగ్గా చేస్తున్నట్టు.

గొంతుక్కూర్చుని లేస్తుంటే వెనక ‘టప్’మంది

దీన్ని తేలిగ్గా తీసుకోకండి. నాట్లేసే, కలుపు తీసే ఆడవాళ్లు, వంటింట్లో కింద కూర్చుని పనిచేసే మధ్యవయసు వాళ్లు ఈ మాటే చెబుతారు. మీడియల్ మెనిస్కస్ వెనక వేరు ఎముక నుంచి ఊడిపోతే ఇలా అవుతుంది. దాన్నే రూట్ టియర్ అంటారు. వేరు ఊడిన మెత్త బరువును మోయలేదు, బయటికి జరిగిపోతుంది. మోకాలు త్వరగా అరిగిపోవడం మొదలవుతుంది.

నేనూ ఒకసారి ఇక్కడే తప్పు చేశాను. రిపోర్టు చివర్లో సారాంశంగా ఉండే ‘ఇంప్రెషన్’ ఒక్కటే చదివి, డీజనరేటివ్ టియరే కదా అని ఒకామెకు వ్యాయామాలు రాసిచ్చాను. రెండు వారాలకు నొప్పి ఇంకా పెరిగి వచ్చింది. అప్పుడు వివరాలుండే ‘ఫైండింగ్స్’ మొత్తం చదివితే మధ్యలో ‘ఎక్స్‌ట్రూజన్’ అని ఉంది. అంటే మెత్త బయటికి జరిగింది. 3 మిల్లీమీటర్లు దాటి జరిగితే వేరు సంగతి అనుమానించాల్సిందే. ఫిల్ము వెలుతురుకు పెట్టి చూస్తే, వెనక నల్లటి త్రికోణం ఉండాల్సిన చోట ఒక స్లైసులో మసక తెలుపే ఉంది. దీన్ని ఘోస్ట్ సైన్ అంటారు, పేరుకు తగ్గట్టే ఉంది. ఆమెను ఆరోజే ఆర్థోపెడిక్ సర్జన్ దగ్గరికి పంపాను.

అరుగుదల పెద్దగా లేకపోతే వేరును తిరిగి ఎముకకు కుట్టొచ్చు. ఆలస్యమయ్యేకొద్దీ ఆ అవకాశం తగ్గుతుంది. ఈలోగా గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు మానేయాలి. ఇంట్లో ఇండియన్ టాయిలెట్టే ఉంటే దానిమీద పెట్టుకునే స్టాండు కొనుక్కోండి.

మోకాలు మడతలోనే ఇరుక్కుంది, చాపలేకపోతున్నారు

కబడ్డీలో కాలు మెలిపడ్డ కుర్రాళ్లకీ, చీమకుర్తి క్వారీల్లాంటి చోట రాళ్ల మీద జారినవాళ్లకీ ఇది రావొచ్చు. మెనిస్కస్ నిలువునా చీలి, లోపలి ముక్క బకెట్ పిడిలా మడతపడి కీలు మధ్యలో అడ్డం పడుతుంది. ఎంఆర్‌ఐలో డమరుకం కనిపించే స్లైసులు తగ్గిపోతాయి. కీలు మధ్యలో ఎముకలను పట్టి ఉంచే పీసీఎల్ అనే లిగమెంట్ కింద దానికి జోడీలా మరో నల్ల పట్టీ కనిపించొచ్చు.

బలవంతంగా లాగి సాగదీయొద్దు, నూనె మర్దనాలూ వద్దు. రోజుల్లోనే సర్జన్‌ను కలవాలి. బయటి అంచుకు రక్తప్రసరణ ఉంటుంది కాబట్టి అక్కడి చీలికను కుడితే అతికే అవకాశం బాగుంటుంది.

రిపోర్టు ఒకటి, నొప్పి ఇంకొకటి

చిరుగు లోపలి వైపు, నొప్పి బయటి వైపు అయితే రిపోర్టు వెంట పరుగెత్తకండి. ఇంతకుముందు మెనిస్కస్‌కు కుట్లు పడి ఉంటే, అది అతికాక కూడా గీత కనిపిస్తూనే ఉండొచ్చు. ఆ సంగతి స్కాన్‌కు ముందే చెప్పండి. రెండో అభిప్రాయానికి వెళ్లేటప్పుడు ఫిల్ముతోపాటు సీడీ కూడా అడిగి తీసుకోండి. ఫిల్ములో అన్ని స్లైసులూ ఉండకపోవచ్చు, ఉన్నవీ చిన్నచిన్న బొమ్మలే.

మోకాలు వేడిగా, ఎర్రగా వాచి జ్వరం కూడా ఉంటే మెనిస్కస్ గొడవ పక్కన పెట్టి అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. కీలులో చీము పట్టి ఉండొచ్చు.